కాళ్ల మీద మచ్చలు, కీళ్ల నొప్పులు: యాంకా రిపోర్ట్ రాకముందే వాస్క్యులైటిస్‌ని పరీక్షలో ఎలా పట్టుకోవాలి

కందుకూరు పక్కన పీహెచ్‌సీలో పనిచేసే మెడికల్ ఆఫీసర్ గారు అడిగిన ప్రశ్న ఇది. 46 ఏళ్ల పొగాకు రైతు. మూడు వారాలుగా కీళ్ల నొప్పులు, సాయంత్రమైతే సన్నగా జ్వరం. ఐదు రోజుల నుంచి రెండు మోకాళ్ల కింద ఎర్రటి మచ్చలు. డెంగీ నెగటివ్, ప్లేట్‌లెట్లు 2,10,000. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి రెండు మూడు ఇంజెక్షన్లు చేయించుకున్నాడు. "చిన్న రక్తనాళాల వాస్క్యులైటిస్ అని నా అనుమానం. యాంకా టెస్ట్‌కి శాంపిల్ బయటికి పంపాలి, రిపోర్ట్ రావడానికి రోజులు పడుతుంది. ఈలోపు నేను చేత్తో, కంటితో ఏం తెలుసుకోగలను?" అన్నది ఆయన సందేహం. వాస్క్యులైటిస్ అంటే రక్తనాళాల గోడల వాపు. యాంకా అంటే ఆ జబ్బు కొన్ని రకాల్లో రక్తంలో కనపడే యాంటీబాడీ.

డాక్టర్ గారూ, చాలానే తెలుసుకోగలరు. యాంకా పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని చెప్పలేం. గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్‌లోనూ, టీబీలోనూ కొందరికి యాంకా పాజిటివ్ వస్తుంది. ఐజీఏ అనే యాంటీబాడీ నాళాల్లో పేరుకుని, పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఐజీఏ వాస్క్యులైటిస్‌లోనూ, ఎక్కువగా హెపటైటిస్ సి వల్ల వచ్చే క్రయోగ్లోబ్యులిన్ (చలికి గడ్డకట్టే ప్రోటీన్) రకంలోనూ సాధారణంగా నెగటివే ఉంటుంది. ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి టెస్టులు దొరకకపోవడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఒక్కో డాక్టరు ఒక్కో అవయవాన్ని చూసి పంపేయడం. ముక్కులో రక్తమని ఈఎన్‌టీ దగ్గరికి, మచ్చలని చర్మం డాక్టరు దగ్గరికి, కీళ్లని ఎముకల డాక్టరు దగ్గరికి తిరుగుతాడు రోగి. మూడు చీటీలూ జేబులోనే ఉంటాయి, మూడింటినీ కలిపి చదివినవాళ్లు ఉండరు. ఆ పని పీహెచ్‌సీలో, ఒకే బల్ల మీద, అరగంటలో మీరు చేయగలరు. కావలసింది టార్చ్, గాజు స్లైడ్, బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, ట్యూనింగ్ ఫోర్క్, కొంచెం దూది, యూరిన్ స్ట్రిప్.

జబ్బు గురించి రెండు ముక్కలు చెప్పి పరీక్షలోకి వెళ్తాను. కేశనాళికలు, వాటికి అటూ ఇటూ ఉండే సన్నటి నాళాల గోడలు వాచి చిట్లడమే ఇక్కడ జరిగేది. 2012లో సవరించిన చాపెల్ హిల్ వర్గీకరణ వీటిని రెండు గుంపులు చేసింది. నాళాల గోడల్లో ఇమ్యూన్ కాంప్లెక్సులు (యాంటీబాడీల ముద్దలు) పేరుకునేవి ఒక గుంపు: ఐజీఏ రకం, క్రయోగ్లోబ్యులిన్ రకం, యాంటీ జీబీఎం జబ్బు లాంటివి. యాంకాతో ముడిపడినవి రెండో గుంపు: జీపీఏ (గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలియాంజైటిస్), ఎంపీఏ (మైక్రోస్కోపిక్ పాలియాంజైటిస్), ఈజీపీఏ (ఈసినోఫిల్స్ పెరిగే జీపీఏ) అని మూడు. పాత పుస్తకాల్లో వెజినర్స్ అని రాసింది జీపీఏ, చర్గ్ స్ట్రాస్ అని రాసింది ఈజీపీఏ. ఇలాంటి సన్న నాళాలు చర్మంలో, కిడ్నీలో, ఊపిరితిత్తుల్లో, ముక్కులో, నరాల చుట్టూ ఎక్కువ. అందుకే పరీక్షలో మన కన్ను ఈ అయిదు చోట్లకీ పోవాలి.

చర్మంతో మొదలుపెడదాం, మీ రోగి చూపిస్తున్నది అదే కాబట్టి. పొలం నుంచి నేరుగా వచ్చిన మనిషైతే ముందు కాళ్లు కడిగించండి. మట్టి, దోమకాట్లు, గీరుకున్న గాట్ల మధ్య అసలు మచ్చ కనపడదు. పుస్తకాల్లోని ఫోటోలు చాలావరకు తెల్లవాళ్ల చర్మానివి, అక్కడ చెర్రీ పండు రంగులో మెరిసే మచ్చ మన రైతు పిక్క మీద నల్లగానో, ముదురు ఊదాగానో ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద చూసి వదిలేయకుండా టార్చ్‌ని కాలికి పక్కగా, నేలబారుగా పెట్టి వెలుగు వేయండి. లేచి ఉన్న మచ్చలకి చిన్న నీడ పడుతుంది. తర్వాత కళ్లు మూసుకుని వేలి కొసతో మెల్లగా తడమండి. గరుకుగా, గింజ కట్టినట్టు తగిలితే అది చేతికి తగిలే పర్ప్యూరా. వాస్క్యులైటిస్‌కి చర్మం మీద ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

తర్వాత గాజు స్లైడ్‌ని మచ్చ మీద పెట్టి గట్టిగా నొక్కండి. నాళంలో ఉన్న రక్తమైతే పక్కకి తప్పుకుంటుంది, మచ్చ పాలిపోతుంది. గోడ చిట్లి బయటికొచ్చిన రక్తమైతే ఎంత నొక్కినా కదలదు. స్లైడ్ లేకపోతే పల్చటి టీ గ్లాసు అడుగు చాలు. ఒక్క మచ్చ మీద చేసి ఆపకండి. నాలుగైదింటి మీద, అందులోనూ కొత్తగా లేచినవాటి మీద చేయండి. పాతబడినవి గోధుమరంగుకి తిరిగి సాఫీగా అయిపోతాయి, అప్పుడు తడిమినా ఏమీ తెలీదు. రోగినే అడగండి, "నిన్న లేనిది, ఈరోజు వచ్చింది ఏది?" అని. దాని చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి తేదీ, టైము రాయండి. రేపు బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి చూసే పరీక్ష) చేసేవాళ్లకి 24 నుంచి 48 గంటల లోపు వయసున్న మచ్చే పనికొస్తుంది. ఆ గీత వాళ్లకి ఎంతో మేలు చేస్తుంది. ఇంకో మాట కూడా ఉత్తరంలో చేర్చండి: ఐజీఏ కోసం చేసే ఇమ్యునోఫ్లోరసెన్స్‌కి (యాంటీబాడీ వెలిగేలా రంగు వేసి చూసే పరీక్షకి) రెండో ముక్క వేరుగా తీయాలి, ఫార్మలిన్‌లో వేస్తే అది పనికిరాదు.

మచ్చలు ఎక్కడ ఉన్నాయన్నది కూడా ముఖ్యం. నిలబడి పనిచేసే మనిషికి రక్తం బరువు దిగువకి పడుతుంది కాబట్టి పిక్కలు, చీలమండలు, పాదాల పైభాగం. మంచాన పడ్డ రోగికి వీపు కింద, పిరుదుల మీద. బట్ట ఒత్తుకునే చోట, అంటే మొలతాడు దగ్గర, లోదుస్తుల ఎలాస్టిక్ దగ్గర వరసగా లేస్తాయి. కాళ్లు మాత్రమే చూసి లుంగీ దించేయకండి, పిరుదులు, నడుము కూడా చూడండి.

డెంగీ మచ్చలతో తేడా ఇక్కడే తెలుస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోయి వచ్చే చుక్కలు సాధారణంగా సూదిమొనంత ఉంటాయి, చర్మంతో సమంగా ఉంటాయి, వేలికి తగలవు. చిగుళ్ల నుంచి రక్తం, నోట్లో చుక్కలు తోడవుతాయి. మీ రైతుకి ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నాయి, కనుక ఆ దారి మూసుకుపోయినట్టే. అయితే వాస్క్యులైటిస్ అనుకునే ముందు స్క్రబ్ టైఫస్ (పొదల్లోని సన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) ఒకటి చూసుకోవాలి. నల్లటి పెచ్చు కట్టిన పుండు చంకలో, గజ్జలో, మొలతాడు కింద, ఆడవాళ్లలో రొమ్ముల కింద దాక్కుంటుంది. అది నొప్పి పెట్టదు కాబట్టి రోగికే తెలీదు, మనం వెతకాలి. ఇంకొకటి మందులు. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టిన వారం పది రోజులకి చర్మానికే పరిమితమయ్యే వాస్క్యులైటిస్ రావచ్చు. మీ రైతుకి ఇంజెక్షన్లు ఎప్పుడు పడ్డాయి, మచ్చలు ఎప్పుడు వచ్చాయి అన్నది తేదీలతో సహా రాయండి. కీళ్ల నొప్పులు, జ్వరం ఇంజెక్షన్ల కంటే ముందే ఉన్నాయి కాబట్టి ఒక్క మందు మీదకే నెట్టేయడానికి నాకు మనసొప్పదు.

దద్దుర్లలా లేచే రకం ఒకటుంది. మామూలు దద్దురు దురద పెడుతుంది, గంటల్లో మాయమై వేరేచోట లేస్తుంది. వాస్క్యులైటిస్ దద్దురు దురద కన్నా మంట ఎక్కువ పెడుతుంది, ఒకేచోట 24 గంటలు దాటి ఉంటుంది, పోతూ కమిలిన గుర్తు వదిలిపోతుంది. దీన్ని తేల్చడానికీ అదే బాల్‌పెన్. దద్దురు చుట్టూ గీత గీసి, మర్నాడు రమ్మనండి.

పిల్లల సంగతి మీ ప్రశ్నలో లేకపోయినా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే పీహెచ్‌సీకి వచ్చే వాస్క్యులైటిస్‌లో మీరు ఎక్కువగా చూసేది అదే. ఐజీఏ వాస్క్యులైటిస్ ఎక్కువగా పిల్లల్లోనే వస్తుంది, జలుబో గొంతునొప్పో వచ్చి తగ్గిన ఒకటి రెండు వారాలకి. పిరుదుల మీద, తొడల వెనక మచ్చలు, చీలమండల వాపు, బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. కొందరికి కడుపునొప్పే ముందొస్తుంది, మచ్చలు రోజుల తర్వాత వస్తాయి. అలాంటి పిల్లలకి అపెండిసైటిస్ అని ఆపరేషన్ దాకా పోయే ప్రమాదం ఉంది. కనుక కడుపునొప్పితో వచ్చిన పిల్లాడి నిక్కరు దించి పిరుదులు చూడటం ఒక అలవాటుగా పెట్టుకోండి. మగపిల్లల్లో వృషణాల వాపు కూడా చూడాలి. మలంలో రక్తం, వాంతులు, పొట్టలో గడ్డలా తగలడం ఉంటే పేగులో పేగు దూరిందేమోనని వెంటనే స్కాన్‌కి పంపాలి. ఈ జబ్బులో అది ఎక్కువగా చిన్నపేగులోనే దూరుతుంది కాబట్టి ఎనిమాతో సరిచేసే పద్ధతి అక్కడిదాకా అందకపోవచ్చు.

ఆ పిల్లల మచ్చలు వాటంతటవే పోతాయి. మిగిలేది కిడ్నీ భయం. కిడ్నీ దెబ్బతినేవాళ్లలో నూటికి 85 మందికి మొదటి నాలుగు వారాల్లోనే, 97 మందికి ఆరు నెలల్లోపు ఆ సంగతి మూత్రంలో బయటపడుతుంది. మచ్చలు పోయాయి కదా అని తల్లి మళ్లీ తీసుకురాదు. మొదటి రోజే చెప్పాలి: "అమ్మా, మచ్చలు పోయినా ఆరు నెలలు ఉచ్చ పరీక్ష, బీపీ చూపించాలి." ఆశా కార్యకర్త చేతికి నాలుగు స్ట్రిప్‌లిచ్చి నేర్పిస్తే ఆ పని ఊళ్లోనే జరుగుతుంది.

మళ్లీ మీ రైతు దగ్గరికి వద్దాం. ఇప్పుడు ముక్కు. "ముక్కులో పక్కులు కడుతున్నాయా? చీదితే రక్తం పడుతోందా?" అని అడగండి. జలుబు అని కొట్టిపారేసే రోగులు ఇలా అడిగితే ఆగి ఆలోచిస్తారు. బొటనవేలితో ముక్కు కొస పైకెత్తి టార్చ్ వేయండి. గోధుమరంగు గట్టి పెచ్చులు, కింద పచ్చిగా రక్తం, మధ్యగోడకి చిల్లు ఉందేమో చూడండి. ఒక రంధ్రంలో వేసిన వెలుగు రెండో దాంట్లోంచి కనపడితే చిల్లు ఉన్నట్టే. ముక్కు దూలం మీద వేలు జార్చండి, మధ్యలో గుంట పడి జీనులా దిగిందా అని. ఇక్కడ మన ప్రాంతంలో కుష్టుని మరవకూడదు. అందులోనూ ముక్కు దూలం దిగుతుంది, గోడకి చిల్లు పడుతుంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చలు, మోచేతి దగ్గర, మోకాలి పక్కన ఉబ్బిన నరాలు ఉంటే దారి అటు.

చిగుళ్లు చూడండి. స్ట్రాబెర్రీ చిగుళ్లని పుస్తకాల్లో రాస్తారు: పళ్ల మధ్య చిగురు ఉబ్బి, గింజలు గింజలుగా, ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారేలా ఉంటుంది. అరుదే కానీ కనపడితే జీపీఏ అని గట్టిగా అనుమానించాలి. చెవిలో ట్యూనింగ్ ఫోర్క్ పరీక్ష చేయండి. నలభై దాటాక కొత్తగా చెవి మూసుకుపోయి, కారి, వారాల తరబడి యాంటీబయాటిక్‌కి తగ్గకపోతే అది మామూలు చెవిపోటు కాకపోవచ్చు. గొంతు బొంగురు, ఊపిరి పీల్చేటప్పుడు ఈల శబ్దం ఉంటే గొంతు కింద శ్వాసనాళం సన్నబడిందేమోనని వెంటనే పంపాలి. కంట్లో ఎరుపు ఉంటే నొప్పి ఎంతో అడగండి. రాత్రి నిద్ర లేపేంత లోతైన నొప్పి ఉండి, కన్ను ముదురు ఎరుపులో ఉంటే స్క్లెరైటిస్, అంటే తెల్లగుడ్డు పొర వాపు. దానికి కళ్లకలక చుక్కలు వేసి పంపితే చూపు పోయే ప్రమాదం ఉంది.

వృత్తి అడగడం పరీక్షలో భాగమే అని నా నమ్మకం, ముఖ్యంగా ప్రకాశంలో. సిలికా దుమ్ముకీ యాంకా వాస్క్యులైటిస్‌కీ సంబంధం ఉందని చాలా దేశాల్లో అధ్యయనాలు చూపించాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో రాయి కోసేవాళ్లు, పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్లు రోజూ పీల్చేది అదే దుమ్ము. ఆ దుమ్ము టీబీ ముప్పునీ పెంచుతుంది, కాబట్టి చిక్కు రెండింతలు. అలాంటి ఒక కార్మికుణ్ని చూశాను. దగ్గుతో రక్తం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో గుల్లలు. కళ్లెలో టీబీ క్రిమి ఒక్కసారీ కనపడలేదు, అయినా టీబీ మందులు నెలల తరబడి నడుస్తున్నాయి. తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంటుంటే ముక్కు దూలం మధ్యలో దిగి ఉండటం కనపడింది. టార్చ్ వేస్తే లోపల పెచ్చులు. "ఇవి ఎప్పటినుంచి?" అంటే, "రాయి దుమ్ము గదా సార్, క్వారీలో అందరికీ ఉండేదే" అన్నాడు. యూరిన్ స్ట్రిప్ ముంచితే రక్తం మూడు ప్లస్సులు. ఊపిరితిత్తులు, ముక్కు, కిడ్నీ మూడూ ఒక్క మనిషిలో ఉన్నాయి, మూడింటినీ ఒకచోట పెట్టగానే జబ్బు పేరు తెలిసిపోయింది. యాంకా రిపోర్ట్ తర్వాత వచ్చింది.

టీబీ అనుమానం ఉంటే సీబీనాట్ లేదా ట్రూనాట్ (కళ్లెలో టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్షలు) తప్పక చేయించండి. రెండుసార్లు నెగటివ్ వచ్చి, ముక్కులోనో మూత్రంలోనో రక్తం ఉంటే టీబీ మందులు వేసి ఎదురుచూడటం కన్నా పైకి పంపడం మేలు.

ఊపిరితిత్తుల్లో రక్తస్రావం గురించి ఒక జాగ్రత్త. దగ్గుతో రక్తం పడితేనే రక్తస్రావం అనుకోవద్దు, దాదాపు మూడోవంతు రోగుల్లో బయటికి చుక్క కూడా పడదు. రోగి ఆయాసపడుతుంటాడు, రెప్ప కింద పాలిపోయి ఉంటుంది, హిమోగ్లోబిన్ రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. ఊపిరితిత్తుల కింది భాగంలో సన్నటి కరకర శబ్దం వినిపించవచ్చు, వినిపించకపోవచ్చు. కూర్చున్నప్పుడు ఆక్సీమీటర్ 97 చూపించినా వరండాలో అటూ ఇటూ నడిపించి మళ్లీ పెట్టండి. నడిచాక పడిపోతే ఆ రోగిని ఆ రాత్రి పీహెచ్‌సీలో ఉంచకండి.

పిల్లికూతలు వినపడితే ఇంకో ప్రశ్న. మన దగ్గర ఈస్నోఫీలియా అంటే దుమ్ము పడక వచ్చే దగ్గు అని జనం లెక్క, చాలామంది డాక్టర్లదీ అదే లెక్క. నలభై ఏళ్లు దాటాక కొత్తగా వచ్చిన ఆస్తమా, ముక్కులో పాలిప్‌లు (మెత్తటి కండలు), ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) సంఖ్య 1,500 దాటడం, వీటికి తోడు కాలో చెయ్యో పడిపోవడం ఉంటే ఈజీపీఏ. అయితే కడుపులో ఏలికపాములు, ఫైలేరియా పురుగు వల్ల కూడా ఈసినోఫిల్స్ పెరుగుతాయి. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే మనిషికి స్ట్రాంజిలాయిడిస్ పురుగు ఉండే అవకాశం ఉంది. అది చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం మీదకి తెస్తుంది.

ఇక కిడ్నీ. అన్నింటిలోకీ దీని గురించే నా టెన్షన్, ఎందుకంటే ఇది చెప్పకుండా పోతుంది. నొప్పి ఉండదు. మూత్రం ఎప్పటిలాగే వస్తుంటుంది. కాళ్ల వాపు లేకపోవచ్చు, బీపీ మామూలుగా ఉండొచ్చు. వారాల్లోనే రెండు కిడ్నీలూ పాడైపోవచ్చు. కాబట్టి చేతికి తగిలే పర్ప్యూరా ఉన్న ప్రతి మనిషికీ ఆ పూటే యూరిన్ స్ట్రిప్ ముంచాలి, ల్యాబ్ మూసేశారన్నా సరే. స్ట్రిప్‌లో రక్తం, ప్రోటీన్ రెండూ ఉంటే తాజా మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున దిగినదాన్ని గంటలోపు మైక్రోస్కోప్ కింద చూడమని ల్యాబ్ టెక్నీషియన్‌కి చెప్పండి. ఎర్ర రక్తకణాలు గొట్టం ఆకారంలో అంటుకుని కనపడితే కిడ్నీ వడపోత గుచ్ఛాలు మండుతున్నట్టే. పొద్దుటి మూత్రం సాయంత్రం దాకా బల్ల మీద ఉంచితే ఆ గొట్టాలు కరిగిపోతాయి. ఆడవాళ్లలో నెలసరి రోజులు అడిగి తెలుసుకోవాలి.

మన ప్రాంతంలో ఒక పెద్ద ఉచ్చు ఉంది. కనిగిరి, పామూరు వైపు నుంచి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగిన మనిషి వస్తే "ఫ్లోరైడ్ నీళ్లు, ఆ పక్క అందరికీ ఇంతే" అనేయడం చాలామందికి అలవాటైపోయింది. నీళ్ల సమస్య నిజమే, పశ్చిమ ప్రకాశంలో కిడ్నీ రోగులు ఎక్కువన్నదీ నిజమే. కానీ ఆ జబ్బు ఏళ్ల మీద ముదురుతుంది, స్కాన్‌లో కిడ్నీలు కుంచించుకుపోయి ఉంటాయి, మూత్రంలో రక్తకణాలు పెద్దగా ఉండవు. వాస్క్యులైటిస్‌లో క్రియాటినిన్ వారాల్లో పెరుగుతుంది, స్కాన్‌లో కిడ్నీల సైజు మామూలుగా ఉంటుంది, మూత్రం నిండా రక్తకణాలు. పోయిన వారం 1.4, ఈ వారం 2.3 అయితే అది నీళ్ల వల్ల వచ్చింది కాదు. మొదటిదానికి మనం చేయగలిగింది తక్కువ. రెండోదాన్ని త్వరగా పట్టుకుంటే డయాలసిస్ తప్పించవచ్చు, ఆ మనిషి మళ్లీ పొలానికి పోగలడు. రెండింటినీ ఒకే గాటన కట్టేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నరాల పరీక్షకి సుత్తి కూడా అక్కర్లేదు. చెప్పులు విప్పించి మడమల మీద నడవమనండి. ఒక పాదం ముందుభాగం నేలకి రాసుకుంటే ఫుట్ డ్రాప్. "చెప్పు నిలవడంలా సార్, ఎప్పుడు జారిపోతోందో తెలీడంలా" అని రోగే చెబుతాడు, వినే ఓపిక మనకుండాలి. రెండు చేతులూ ముందుకి చాపి మణికట్లు పైకెత్తమనండి. పాదం పైభాగంలో, చిటికెనవేలి పక్కన దూదితో తాకి రెండు కాళ్లూ పోల్చి చూడండి. షుగర్ తిమ్మిర్లు రెండు కాళ్లకీ సమంగా, మేజోడు తొడిగినట్టు మెల్లగా వస్తాయి. ఇది అలా రాదు. రాత్రి విపరీతమైన నొప్పి, పొద్దునకి ఎడమ పాదం లేవదు, పది రోజులకి కుడి మణికట్టు. అలా ఒక్కో నరం విడివిడిగా పోతుంటే వెనక వాస్క్యులైటిస్ ఉందని అనుకుని ముందుకెళ్లాలి. ఒక్క పాదంలో కొంచెం తేడా ఉన్నా కేసు షీట్‌లో రాయండి. రేపు అది పెరిగిందో లేదో చెప్పేది మీ రాతే.

కీళ్ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. నొప్పి ఎక్కువ, వాపు తక్కువ, ఈరోజు మోకాలు, ఎల్లుండి చీలమండ. రుమటాయిడ్ ఫాక్టర్ పాజిటివ్ వచ్చిందని రుమటాయిడ్ అనుకోకండి, ఈ జబ్బుల్లోనూ చాలామందికి అది పాజిటివ్ వస్తుంది. మచ్చలు, కీళ్ల నొప్పులు, నీరసం మూడూ కలిస్తే హెపటైటిస్ సి టెస్ట్ ఒకటి చేయించండి.

ఇప్పుడు గుండె, ప్లీహం. ఇవి చూడకుండా వాస్క్యులైటిస్ అని రాయకూడదు. గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ ఈ జబ్బుని అచ్చంగా నటిస్తుంది: జ్వరం, కీళ్ల నొప్పులు, కాళ్ల మీద పర్ప్యూరా, మూత్రంలో రక్తం, ఒక్కోసారి యాంకా కూడా. ప్రశాంతమైన గదిలో, రోగిని ఎడమపక్కకి తిప్పి మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) కోసం వినండి. గోళ్ల కింద పుల్ల గుచ్చుకున్నట్టు గీతలు, కనురెప్ప లోపలివైపు చుక్కలు, వేళ్ల కొసల ఉబ్బు చూడండి. పొట్టలో ప్లీహం తగిలినా, మెడలో, చంకలో గడ్డలు తగిలినా అది వాస్క్యులైటిస్ అని తొందరపడకండి. ఇన్‌ఫెక్షన్, లింఫోమా, లూపస్ వెతకాలి. మర్మర్ ఉన్న మనిషికి బ్లడ్ కల్చర్లు తీయకుండా స్టెరాయిడ్ ఇస్తే చాలా కీడు చేసినట్టు.

ఎందుకింత తొందర అంటే ఒక పాత లెక్క చెబుతాను. 1958లో వాల్టన్ అనే బ్రిటిష్ వైద్యుడు, మందు లేని కాలపు జీపీఏ రోగుల వివరాలు పోగుచేశాడు. సగటున ఐదు నెలలు బతికారు, ఏడాదిలోపే నూటికి 82 మంది పోయారు. 1970లలో సైక్లోఫాస్ఫమైడ్, ఆ తర్వాత రిటుక్సిమాబ్ వచ్చాక ఆ పరిస్థితి పూర్తిగా మారింది. మందు ఉంది. అది రోగికి అందేలోపు కిడ్నీ, ఊపిరితిత్తి ఎంత మిగిలాయన్నదే తేడా.

కనుక మీ రైతుకి ఈ సాయంత్రమే చేయాల్సింది ఇది. బీపీ, నడిపించి ఆక్సిజన్, ముక్కు, చిగుళ్లు, చెవి, కన్ను, మడమల మీద నడక, మణికట్లు, మర్మర్, ప్లీహం, స్క్రబ్ పెచ్చు, యూరిన్ స్ట్రిప్. రక్తంలో హిమోగ్లోబిన్, ఈసినోఫిల్స్, క్రియాటినిన్. ఉన్నవి ఎంత శ్రద్ధగా రాస్తారో లేనివి కూడా అంతే శ్రద్ధగా రాయండి. "ఫుట్ డ్రాప్ లేదు, ముక్కు మామూలుగా ఉంది" అని తేదీతో ఉంటే, వారం తర్వాత చూసేవాళ్లకి జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో తెలుస్తుంది.

స్ట్రిప్‌లో రక్తం ఉంటే, లేదా నడిచాక ఆక్సిజన్ పడిపోతే, లేదా పాదం లేవకపోతే, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా యాంకా కోసం ఆగొద్దు. ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రులకో, కిడ్నీ విభాగం కోసం తిరుపతి స్విమ్స్‌కో, అక్కడి డ్యూటీ డాక్టరుతో ముందు ఫోన్‌లో మాట్లాడి పంపండి. పంపేటప్పుడు జ్వరం తగ్గాలని డెక్సా (స్టెరాయిడ్) ఇంజెక్షన్ ఒకటి వేసి పంపడం మన ఊళ్లలో మామూలైపోయింది, దయచేసి మీరు వేయకండి. మచ్చలు వాడిపోతాయి, జ్వరం దాక్కుంటుంది, చికిత్సకి చాలదు, పరీక్షలకి అడ్డం. ప్రాణాపాయంలో ఉన్న రోగికి స్టెరాయిడ్ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆ ఫోన్‌లోనే తేల్చుకోండి. నొప్పి ఇంజెక్షన్లు మాత్రం వెంటనే ఆపించండి, కిడ్నీ మీద అనుమానం ఉండగా డైక్లోఫెనాక్ వద్దు.

ఇవేవీ లేకుండా మచ్చలు, కీళ్ల నొప్పులు మాత్రమే ఉంటే రెండు రోజులు మీ దగ్గరే చూడొచ్చు. కాళ్లు ఎత్తులో పెట్టి విశ్రాంతి, నొప్పికి పారాసిటమాల్. మూడోరోజు మళ్లీ మొత్తం పరీక్ష, మళ్లీ స్ట్రిప్, మళ్లీ క్రియాటినిన్. తర్వాత నెల రోజులు వారానికోసారి. స్ట్రిప్‌లో ఏం వచ్చిందో, క్రియాటినిన్ ఎంతో ఇక్కడే రాయండి, చూసి తర్వాతి సంగతి చెబుతాను.